సర్వర్ లేస్తలేదా? ముందు స్క్రీన్ ఫోటో తీయండి

పొద్దున ఆరున్నరకు ఫోన్ మోగింది. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణంలో గుమస్తాగా చేసే పిల్లవాడు. "అన్నా, సర్వర్ లేస్తలేదే. నాలుగుసార్లు బంద్ చేసి మళ్ల ఆన్ చేసిన." ఫిబ్రవరి నెల, మిర్చి సీజన్, బయట బస్తాలు దిగుతున్నాయి, లోపల తక్‌పట్టీలు, అంటే సరుకు లెక్క చీటీలు, తీయాల్సిన మిషన్ నల్లటి స్క్రీన్ పెట్టుకుని కూర్చుంది. స్క్రీన్ మీద ఏముందిరా అని అడిగితే "ఏందో ఇంగ్లీష్‌ల రాసున్నదన్నా" అన్నాడు.

ఆ 'ఏందో' అన్నదే మనకు కావాల్సింది. లైనక్స్ సర్వర్ బూట్ కాకపోతే ఎక్కడ ఆగిందో దాదాపు ప్రతిసారీ అదే చెప్తుంది, మనమే టెన్షన్‌లో చదవకుండా పవర్ బటన్ నొక్కేస్తాం. అందుకని మొదటి పని, బటన్ మీంచి చెయ్యి తీసి ఫోన్‌తో స్క్రీన్ ఫోటో కొట్టండి. అక్షరాలు గబగబా పైకి పోతుంటే వీడియో తీయండి, తర్వాత ఆపుకుంటూ చదువుకోవచ్చు. ఆన్ ఆఫ్ చేయడం ఒకసారి చేసి చూశారా, చాలు, ఇంక వద్దు. డిస్క్ చెడిపోయే దశలో ఉంటే తిప్పి తిప్పి ఆన్ చేయడం దాన్ని ఇంకా తొందరగా చంపడమే.

కమాండ్లను కింద నోటితో పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, ఫోన్లో చెప్పీ చెప్పీ నాకు అదే అలవాటైంది. మీరు టైప్ చేసేటప్పుడు, పెద్దది అని చెప్పినచోట తప్ప, ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే కొట్టాలి. లైనక్స్ రకాల్లో నేను ఎక్కువగా చూసేవి ఉబుంటు సర్వర్లు, కాబట్టి వాటి లెక్కనే చెప్తాను, రెడ్‌హ్యాట్ జాతి వాటిలో తేడా ఉన్నచోట ఒక ముక్క కలుపుతాను.

బూట్ అంటే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పని మారడం. మదర్‌బోర్డులోనే ఉండే బయోస్ (కొత్త మిషన్లలో యూఈఎఫ్ఐ) లేచి హార్డ్‌వేర్ చూసుకుంటుంది, డిస్క్ మీదున్న గ్రబ్ అనే బూట్ ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. గ్రబ్ లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌నూ, దాని వెంట ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూటనూ మెమరీలోకి ఎక్కిస్తుంది. ఆ మూటలోని డ్రైవర్లతో కెర్నెల్ అసలు డిస్క్‌ను వెతికి పట్టుకుంటుంది. ఆ తర్వాత సిస్టమ్‌డీ లేచి మిగతా సర్వీసులన్నీ లేపుతుంది. బావి దగ్గర మోటారు నీళ్లు పోయకపోతే ముందు స్టార్టర్ చూస్తాం, ఫ్యూజు చూస్తాం, నేరుగా పోయి పైపులైను తవ్వం కదా, ఇక్కడా అంతే. కంపెనీ లోగో కూడా రాకపోతే హార్డ్‌వేర్. 'గ్రబ్ రెస్క్యూ' అని ఉంటే గ్రబ్. 'కెర్నెల్ పానిక్' అన్నా, బ్రాకెట్లో 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అని కర్సర్ ఆడుతున్నా, అసలు డిస్క్ దాకా చేరలేదని అర్థం. 'యు ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్' అని ఉంటే మాత్రం సగం ఊపిరి పీల్చుకోండి, కెర్నెల్ లేచింది, డిస్క్ దొరికింది, ఎక్కడో సెట్టింగ్ దగ్గర ఆగింది.

మార్కెట్ పిల్లవాడు వాట్సాప్‌లో పంపిన ఫోటోలో ఉన్నది ఈ చివరిదే. వరస ప్రకారం ఇది ఆఖరున రావాలి, కానీ నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే కాబట్టి దీంతోనే మొదలుపెడతాను.

ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ (సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతుంది లేదా ఎంటర్ నొక్కమంటుంది. లోపలికి పోయాక జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌బీ కొట్టండి, పెద్ద జి నొక్కితే చివరికి పోతుంది, అక్కడి నుంచి పైకి ఎక్కుతూ ఎర్ర అక్షరాలు చూడండి. 'డిపెండెన్సీ ఫెయిల్డ్' అనీ, దాని పైన 'టైమ్డ్ ఔట్ వెయిటింగ్ ఫర్ డివైస్' అనీ కనిపిస్తే నూటికి తొంభై తప్పు /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ ఫైల్లోనే ఉంటుంది. ఏ డిస్క్‌ను ఎక్కడ తగిలించాలో రాసుండే జాబితా అది. అందులో రాసిన డిస్క్ ఒకటి కనపడకపోతే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూస్తుంది, తెర మీద 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అని ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతుంటాయి చూశారా, అదే ఆ ఎదురుచూపు, ఆ తర్వాత చేతులెత్తేసి ఎమర్జెన్సీలో పడేస్తుంది.

ఆరోజు జరిగింది ఏంటంటే, బ్యాకప్ కోసం తగిలించిన యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌ను సేటు కొడుకు సినిమాలు ఎక్కించుకోవడానికి ఇంటికి పట్టుకుపోయాడు. వాడిని తిట్టడానికి లేదు, ఎఫ్‌స్టాబ్‌లో ఆ లైను రాసింది నేను, 'నోఫెయిల్' అన్న ఒక్క మాట పెట్టడం మర్చిపోయిందీ నేనే. పిల్లవాడి చేత నానో /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ కొట్టించి, ఆ లైను ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టించి, రీబూట్ చేయిస్తే రెండు నిమిషాల్లో లేచింది. ఫైల్ సేవ్ కాక 'రీడ్-ఓన్లీ' అని మొండికేస్తే ముందు మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ / కొట్టాలి. తర్వాత తీరిగ్గా ఆ లైను హ్యాష్ తీసేసి, డీఫాల్ట్స్ పక్కన కామా పెట్టి నోఫెయిల్, ఇంకో కామా పెట్టి ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10 అని చేర్చాను, ఇప్పుడు డిస్క్ లేకపోయినా పది సెకన్లు చూసి ముందుకు పోతుంది. ఎఫ్‌స్టాబ్‌ను ముట్టుకున్న ప్రతిసారీ రీబూట్‌కు ముందే ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై, ఆ వెంటనే మౌంట్ -ఏ కొట్టి చూసుకోండి, తప్పుంటే సర్వర్ బతికుండగానే తెలిసిపోతుంది. డిస్క్‌ను ఎస్‌డీబీ1 లాంటి పేరుతో రాయకండి, ఇంకో పెన్‌డ్రైవ్ పెడితే ఆ పేర్లు మారిపోతాయి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ చూపించే యూయూఐడీతోనే, అంటే ప్రతి పార్టిషన్‌కు విడిగా ఉండే పొడుగాటి గుర్తింపు నంబర్‌తోనే రాయండి.

డెబియన్ వాడేవాళ్లకు ఇక్కడ ఇంకో తలనొప్పి, రూట్‌కు పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే 'రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్' అని అసలు లోపలికే రానివ్వదు. అప్పుడు గ్రబ్ మెనూ నుంచి దొడ్డిదారి ఉంది. ఆన్ చేయగానే పాత బయోస్ మిషన్ అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి, యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్ ఒకట్రెండు సార్లు తట్టండి. మెనూ వచ్చాక ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కితే ఎడిట్ తెర వస్తుంది. అందులో 'లైనక్స్' అనే మాటతో మొదలయ్యే పొడుగాటి లైను చివరికి పోయి, ఇనిట్=/బిన్/బ్యాష్ అని చేర్చి, కంట్రోల్ ఎక్స్ నొక్కండి. పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా రూట్ షెల్, అంటే కమాండ్లు కొట్టే తెర వస్తుంది. పైన చెప్పిన రీమౌంట్ కమాండ్ కొట్టి, సరిచేసుకుని, సింక్ అని కొట్టి, రీబూట్ -ఎఫ్ చేయండి. అదే లైన్లో 'క్వైట్ స్ప్లాష్' అని ఉంటే ఆ రెండు మాటలూ తీసేయండి, బొమ్మ పోయి అక్షరాలు కనిపిస్తాయి, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఎడిట్ తెరలో చేసిన మార్పులన్నీ ఆ ఒక్క బూట్‌కే, ఫైల్లో ఏదీ మారదు, కాబట్టి భయం లేకుండా చేసి చూడొచ్చు. ఈ దారి మీకు తెలిసినట్టే దొంగకూ తెలుసు, సర్వర్ గదికి తాళం ఎందుకంటే ఇందుకే.

ఇప్పుడు వెనక్కి, మొదటికి వద్దాం. తెర మీద ఏమీ లేదు, లేదా బీప్‌లు కొడుతోంది. మానిటర్ కేబుల్ చూడండి, నవ్వకండి, దాని కోసం నేను కాజీపేట నుంచి పరకాల దాకా బండి మీద పోయిన రోజుంది. కేబుల్ బాగుంటే పవర్ వైరు పీకి, ర్యామ్ ముక్కలు తీసి, బంగారు రంగు అంచులను మెత్తటి రబ్బరుతో తుడిచి, ఒక్కటే పెట్టి చూడండి. అలా ఒక్కొక్కటి. మన దగ్గర ఇంకో రెండు శత్రువులున్నాయి. ఒకటి పత్తి నూగు, మార్కెట్ దగ్గర దుకాణాల్లో ప్రాసెసర్ ఫ్యాన్ కింద దుప్పటిలా పేరుకుంటుంది, మే నెలలో బయట నలభై డిగ్రీలు దాటితే మిషన్ వేడెక్కి బూట్ మధ్యలోనే తనంతట తనే ఆగిపోతుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ తిరక్కుండా వేలుతో పట్టుకోండి. రెండోది మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల, 3 వోల్టుల బ్యాటరీ. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ బయోస్ తన సెట్టింగ్‌లు మర్చిపోతుంది, తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, బూట్ వరస మారిపోయి ఖాళీ డిస్క్ దగ్గర వెతుకుతుంది, కొన్ని బోర్డుల్లో డిస్క్ మోడ్ రైడ్‌కు మారి ఎన్‌వీఎంఈ డిస్క్ కనిపించకుండానే పోతుంది. 'నో బూటబుల్ డివైస్' అని వస్తే లైనక్స్‌ను అనుమానించే ముందు బయోస్‌లోకి పోయి తేదీ చూడండి. తేదీ తప్పుంటే దొంగ దొరికినట్టే. ఆ బిళ్ల హన్మకొండ చౌరస్తాలో వాచీలు బాగుచేసే షాపుల్లో కూడా దొరుకుతుంది.

గ్రబ్ రెస్క్యూ దగ్గర ఆగితే చూడటానికి భయంగా ఉంటుంది గానీ అది పాపం తన మిగతా ఫైళ్లు ఎక్కడున్నాయో మర్చిపోయింది, అంతే. ఎల్‌ఎస్ కొడితే (హెచ్‌డీ0,జీపీటీ1), (హెచ్‌డీ0,జీపీటీ2) అని పార్టిషన్ల పేర్లు చూపిస్తుంది. ఒక్కొక్కటి ఎల్‌ఎస్ (హెచ్‌డీ0,జీపీటీ2)/ అని తట్టి చూడండి, ఎందులో 'గ్రబ్' ఫోల్డర్ కనిపిస్తే అదే మనది. తర్వాత నాలుగు లైన్లు:

సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ2)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,జీపీటీ2)/గ్రబ్
ఇన్‌స్‌మోడ్ నార్మల్
నార్మల్

సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. ఉబుంటు సర్వర్ ఎల్‌వీఎంతో (డిస్క్ చోటును తర్వాత పెంచుకునే వీలుండే పద్ధతి) పెడితే /బూట్‌కు విడిగా పార్టిషన్ ఉంటుంది, అందుకే పైన ఒట్టి /గ్రబ్ అని రాశాను. విడిగా లేకపోతే /బూట్/గ్రబ్ అని రాయాలి, ఇక్కడే చాలామంది గంట పోగొట్టుకుంటారు. మెనూ వచ్చి సర్వర్ లేచాక ఊరుకోకండి, సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ, ఆ తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి, లేదంటే వచ్చే కరెంటు కోతకు మళ్లీ ఇదే తెర. యూఈఎఫ్ఐ మిషన్ అయితే /బూట్/ఈఎఫ్ఐ మౌంట్ అయి ఉందో లేదో చూసుకుని, డిస్క్ పేరు లేకుండా ఒట్టి గ్రబ్-ఇన్‌స్టాల్ చాలు. రెడ్‌హ్యాట్ జాతిలో అప్‌డేట్-గ్రబ్ ఉండదు, దానికి గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ వాడాలి.

కెర్నెల్ పానిక్‌లో 'అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్' అని, చివర అన్‌నోన్-బ్లాక్(0,0) అని కనిపిస్తే ముందుగా నేను అడిగేది, నిన్నో మొన్నో అప్‌డేట్ చేశారా అని. /బూట్ చిన్న పార్టిషన్, పాత కెర్నెల్‌లు పేరుకుని నిండిపోతుంది, కొత్త కెర్నెల్ దిగుతుంది గానీ దాని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మూట రాయడానికి చోటుండదు. మూట లేని కెర్నెల్ డిస్క్‌ను ఎలా చూస్తుంది? గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోకి పోయి పాత కెర్నెల్ ఎంచుకోండి, ఎక్కువసార్లు అలాగే లేచి కూర్చుంటుంది. లేచాక డీఎఫ్ -హెచ్ /బూట్ చూడండి. నూటికి నూరు శాతం నిండి ఉంటే యూనేమ్ -ఆర్ కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో కాగితం మీద రాసుకోండి, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. సుడో ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్ తో పాతవి పోతాయి. చోటు లేక అది కూడా మొరాయిస్తే బాగా పాత ఇనిట్‌ఆర్‌డీ ఫైల్ ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి /బూట్‌లోంచి తీసేయండి, కాస్త ఊపిరాడుతుంది. అప్పుడు సుడో ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్, తర్వాత సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు -కె ఆల్, చివర్లో అప్‌డేట్-గ్రబ్. రెడ్‌హ్యాట్ వైపు అయితే డ్రాకట్ -ఎఫ్ --రీజెనరేట్-ఆల్.

ఇక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ షెల్. ఇక్కడ కొంచెం ఆగి చదవండి, తొందరపడితే డేటా పోయే చోటు ఇదే. తెర మీద 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ, రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ' అని ఉంటుంది, పైన ఏ పార్టిషనో పేరుంటుంది. యూట్యూబ్ చూసినవాళ్లంతా వెంటనే ఎఫ్‌ఎస్‌సీకే -వై కొట్టేస్తారు. కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి, సర్వర్ గప్పున ఆగిపోయిన కేసుల్లో అది సరిపోతుంది కూడా. కానీ డిస్కే పోతుంటే? ఎఫ్‌ఎస్‌సీకే -వై అంటే ఫైల్‌సిస్టమ్‌ను సరిచేస్తూ డిస్క్ మీద రాయడం. చచ్చిపోతున్న డిస్క్ మీద రాయించడం అంటే కాలు విరిగినవాడిని పరుగెత్తించడం. హన్మకొండలో ఒక చోట నేనే అలా చేశాను, సుమారు ఐదేళ్ల కింద. అన్నిటికీ వై కొట్టుకుంటూ పోయింది, బూట్ కూడా అయింది, తీరా చూస్తే ఫైళ్లన్నీ లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్‌లో పేర్లు లేకుండా నంబర్లుగా కుప్పపోసి ఉన్నాయి. వాటిని తెరిచి తెరిచి పేర్లు పెట్టడానికి ఇద్దరం పది రోజులు కూర్చున్నాం.

అందుకని ముందు డీమెసేజ్ కొట్టి 'ఐ/ఓ ఎర్రర్' అని లైన్లు ఉన్నాయేమో చూడండి. డిస్క్ దగ్గర చెవి పెట్టి వినండి, టిక్ టిక్ అని ఒకే తాళంలో కొడుతుంటే వెంటనే ఆపేయండి. ఈ రెండిట్లో ఏది ఉన్నా మిషన్‌ను సిస్టమ్‌రెస్క్యూ (రిపేరు కోసమే ఉన్న లైనక్స్) పెన్‌డ్రైవ్‌తో లేపి, స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీఏ కొట్టండి. 'రీఅలొకేటెడ్ సెక్టార్', 'కరెంట్ పెండింగ్ సెక్టార్' అన్న రెండు వరసల్లో చివర ఉండే సంఖ్య సున్నా ఉండాలి. పెండింగ్‌లో అంకెలు ఉంటే రిపేరు ఆలోచన పక్కన పెట్టండి, అంతకన్నా పెద్ద కొత్త డిస్క్ తెచ్చి డీడీరెస్క్యూతో మొత్తం కాపీ తీయండి, మధ్యలో ఆగినా మళ్లీ అక్కడి నుంచే మొదలయ్యేలా మ్యాప్‌ఫైల్ పేరు ఇవ్వడం మర్చిపోవద్దు. ఏది పాత డిస్క్, ఏది కొత్తది అన్నది సైజు, సీరియల్ నంబర్ చూసి రెండుసార్లు ఖాయం చేసుకోండి, తిరగేసి రాస్తే ఖాళీ డిస్క్ పోయి మీ డేటా మీద కూర్చుంటుంది. ఆ తర్వాత ఎఫ్‌ఎస్‌సీకే ఏదైనా ఆ కాపీ మీదే.

డిస్క్ శుభ్రంగా ఉందనుకోండి, అప్పుడు హాయిగా ఎఫ్‌ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2 కొట్టి, అయ్యాక ఎగ్జిట్ అనండి. మీ పేరు వేరే ఉంటుంది, తెర మీద ఉన్నదే రాయండి. ఉబుంటు ఎల్‌వీఎంలో అది /డెవ్/మ్యాపర్/ఉబుంటు--వీజీ-ఉబుంటు--ఎల్‌వీ అని ఉంటుంది, మధ్యలో కొన్నిచోట్ల రెండేసి హైఫన్‌లు, ఫోన్లో చెప్పేటప్పుడు ప్రతిసారీ ఒకటి మింగేస్తారు. పార్టిషన్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌తో ఉంటే ఎఫ్‌ఎస్‌సీకే ఏమీ చేయదు, ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్ వాడాలి.

పై దారులన్నీ మూసుకుపోతే పెన్‌డ్రైవ్ దారి. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లేపి, అసలు రూట్ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ దగ్గర మౌంట్ చేసి, /బూట్, /బూట్/ఈఎఫ్ఐ విడిగా ఉంటే వాటినీ దాని కింద తగిలించి, /డెవ్, /ప్రాక్, /సిస్, /రన్ నాలుగింటినీ మౌంట్ --బైండ్ తో లోపలికి తెచ్చి, సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ అంటే మీరు సర్వర్ లోపల ఉన్నట్టే, అక్కడి నుంచి గ్రబ్ ఎక్కించండి, పాస్‌వర్డ్ మార్చండి, ఏపీటీ నడపండి. యూఈఎఫ్ఐ సర్వర్‌కు పెన్‌డ్రైవ్ కూడా యూఈఎఫ్ఐ మోడ్‌లోనే లేవాలి. /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ కనిపిస్తే ఆ మోడ్‌లో ఉన్నట్టు, లేకపోతే బయటికి వచ్చి బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండో పేరుతో ఉంటుంది, దాన్ని ఎంచుకోండి.

కొన్నిసార్లు సర్వర్ అసలు పడిపోయే ఉండదు. "లేస్తలేదు" అంటే పోయి చూస్తా, లాగిన్ తెర హాయిగా మెరుస్తుంటుంది. కొత్త కార్డు ఏదైనా పెట్టాక లాన్ పోర్టు పేరు ఈఎన్‌పీ3ఎస్0 నుంచి ఈఎన్‌పీ4ఎస్0కు మారి, పాత పేరు నెట్‌వర్క్ సెట్టింగ్‌లుండే నెట్‌ప్లాన్ ఫైల్లో మిగిలిపోతుంది, దాంతో ఐపీ రాదు, దుకాణంలో ఏ కంప్యూటరూ దాన్ని చూడలేదు. ఐపీ ఏ కొట్టి ఇప్పటి పేరు చూసి, /ఈటీసీ/నెట్‌ప్లాన్ లో అదే రాసి, సుడో నెట్‌ప్లాన్ ట్రై అనండి. అప్లై కంటే ట్రై మేలు, రెండు నిమిషాల్లో ఎంటర్ కొట్టి ఖాయం చేయకపోతే దానంతట అదే పాత సెట్టింగ్‌కు పోతుంది.

ఏ రోగమైనా నయమయ్యాక సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్ కొట్టి సున్నా వచ్చేదాకా కదలకండి. తర్వాత మీరు అక్కడ ఉండగానే రెండుసార్లు రీబూట్ చేయండి, రెండోసారి ఆ యూఎస్‌బీ డిస్క్ పీకేసి. మార్కెట్ దుకాణంలో నేను మధ్యాహ్నం పోయి అలాగే చేశాను. పిల్లవాడు పక్కన నిల్చుని మిర్చి ఘాటుకు తుమ్ముతూ వీడియో తీసుకున్నాడు, ఈసారి ఆగితే బటన్ నొక్కకుండా ముందు ఇది చూస్తానని. సేటు కొడుకు డిస్క్ తిరిగి తెచ్చాడు, బ్యాకప్ ఫోల్డర్ పక్కన సినిమాలు నలభై జీబీ.